‘సర్వర్ బిజీ’ అని ఊరికే రాదు.. భూభారతిలో మెనూలు ఎందుకు తగ్గించారంటే?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మీసేవకు వెళ్లేవాళ్లకు ‘సర్వర్ డౌన్.. రేపు రండి’ అన్న మాట కొత్త కాదు. భూమి పని మీద వెళ్తే మరీను. సర్వర్ సామర్థ్యం చాలక ఇలా అవుతోందని అనుకుంటాం. అదొక్కటే కారణం కాదు. వెబ్‌సైట్‌లో దారి సరిగా లేకపోయినా సర్వర్‌పై భారం పెరుగుతుంది.

ఎలాగంటే.. మీ పొలం వివరాలు చూడాలనుకోండి. జిల్లా నొక్కితే మండలాలు, మండలం నొక్కితే గ్రామాలు, ఆ తర్వాత సర్వే నంబర్లు వస్తాయి. సాధారణంగా ఇలాంటి పేజీల్లో మీరు ఒక్కోటి ఎంచుకున్నప్పుడల్లా సర్వర్‌కు ఒక్కో అభ్యర్థన వెళ్తుంది. అన్నీ నింపాక ‘ఇది కాదు, వేరే ఆప్షన్’ అని వెనక్కి వస్తే మళ్లీ మొదటికే. పేజీ కదలట్లేదని రిఫ్రెష్ కొడితే, పాతది తేలకముందే కొత్తది వరుసలో చేరుతుంది. వచ్చింది ఒక్కరే అయినా పదిమంది వచ్చినంత రద్దీ.

ధరణిలో జరిగింది చాలావరకు ఇదే. 2020 అక్టోబర్ 29న మొదలైన ఆ పోర్టల్‌లో మాడ్యూళ్లు పెరుగుతూ పోయి 33కు చేరాయి. మ్యుటేషన్‌కు ఒకటి, వారసత్వానికి ఒకటి, నాలాకు ఒకటి, పాస్‌బుక్‌లో తప్పుల సవరణకు టీఎం-33. ఈ నంబర్లు రైతులకు ఏం అర్థమవుతాయి? ఆపరేటర్లే తికమకపడేవారు. తప్పు మాడ్యూల్‌లో పెట్టిన దరఖాస్తు తిరస్కరణకు గురైతే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. అంటే రైతుకు ఖర్చు, సర్వర్‌కు రెండింతల పని.

2025 ఏప్రిల్ 14న ప్రారంభించిన భూభారతిలో ఆ 33 మాడ్యూళ్లను 6కు కుదించారు. మంచి పనే. కాకపోతే పైన శీర్షికలు తగ్గించి, లోపల అదే చిక్కుముడి ఉంచితే లాభం లేదు. ‘పేరు తప్పు పడింది’, ‘రెండు గుంటలు తక్కువ చూపిస్తోంది’ అని జనం ఎలా చెప్పుకుంటారో ఆప్షన్లు కూడా అలాగే ఉండాలి. ‘నా దరఖాస్తు ఎక్కడుంది?’ అన్నదానికి జవాబు మొదటి పేజీలోనే దొరికితే రోజూ లాగిన్ అయ్యేవాళ్లు సగం ఆగిపోతారని మా అభిప్రాయం.

రద్దీని పంచడం ఇంకో దారి. రైల్వే తత్కాల్ బుకింగ్‌ను ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు విడగొట్టడం వల్ల అందరూ ఒకే నిమిషంలో ఎగబడటం తగ్గుతుంది.

మరి మీరేం చేయొచ్చు? కేవలం భూమి వివరాలు చూడటానికి లాగిన్ అక్కర్లేదు. పాస్‌బుక్ నంబరు లేదా సర్వే నంబరు చేతిలో పెట్టుకునే సైట్ తెరవండి. మీ ప్రాంతం నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎక్కువ కదా, వాళ్ల నంబరుతో ఖాతా తెరిస్తే ఓటీపీ దుబాయ్‌లో ఉన్న ఫోన్‌కే వెళ్తుంది. అది ఇక్కడికి చేరేలోపు గడువు తీరిపోతుంది, మళ్లీ ఇంకో ఓటీపీ. ఇంటి దగ్గర ఉండేవాళ్ల నంబరు ఇవ్వడమే మేలు.

ఖాతాలో డబ్బులు కట్ అయి పేజీ ఆగిపోతే వెంటనే రెండోసారి చెల్లించకండి. లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకుని, కాసేపాగి దరఖాస్తు స్థితి చూడండి. అప్పటికీ కనిపించకపోతే ఆ స్క్రీన్‌షాట్‌తో తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లండి.