రాసినవాడు అమ్మిందేమిటి?

రచయిత తన రచన మీద బతకగలడా అన్న చర్చ మన సాహిత్య సంఘాలకు కొత్తది కాదు. అయితే ఇంతకాలమూ ఆ చర్చ కథకు, నవలకు, మహా అయితే సినిమా పాటకు సంబంధించినదిగా నడిచింది. ఇవాళ నాకు తెలిసిన తెలుగు ఎం.ఏ. పట్టభద్రుల్లో పలువురికి అక్షరం మీద వచ్చే మొదటి సంపాదన పత్రిక నుంచి రావడం లేదు. వెబ్‌సైట్లకూ యాప్‌లకూ యూట్యూబ్ చానళ్లకూ మాటకింత చొప్పున రాసిపెట్టే పని నుంచి వస్తోంది. పండుగల విశిష్టత, కవుల జీవితాలు, పోటీపరీక్షల పాఠాలు, ఆరోగ్య సూత్రాలు అన్నిటికీ కలిపి 'కంటెంట్' అని ఒకటే పేరు. గోతంలో పోశాక ఏ గింజ అయితేనేం అన్నట్టుంటుంది ఆ మాట.

ఈ పనిచేసే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, ఒకరికి రాసిచ్చిన వ్యాసంలో ముక్క ఇంకొకరికి రాసేటప్పుడు వాడుకుంటే తప్పా?" దీనికి చెలామణీలో ఉన్న జవాబులు రెండు. నీ సొమ్ము నువ్వు తీసుకుంటే దొంగతనమెలా అవుతుందన్నది ఒకటి. అది 'స్వీయ గ్రంథచౌర్యం' అని ఉరిమేది రెండవది. రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయి. డబ్బు పుచ్చుకుని రాసినవాడు అమ్మిందేమిటి? అది తేలకుండా మిగిలినది తేలదు.

తన రాతను తానే తిరగరాయడం సాహిత్యంలో ఎప్పుడూ నేరం కాదు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంగా మార్చి మళ్ళీ వేశారు. మధురవాణి ఇవాళ మనకు తెలిసిన మధురవాణి అయింది ఈ రెండో కూర్పులోనే. ప్రేమ్‌చంద్ ఉర్దూలో రాసిన నవల హిందీలో 'సేవాసదన్'గా ముందు వెలువడింది. రేమండ్ చాండ్లర్ 1935లోనూ 1936లోనూ 'బ్లాక్ మాస్క్' అనే చవక పత్రికకు అమ్మిన రెండు కథల్ని కలిపి 1939లో 'ది బిగ్ స్లీప్' నవల కట్టాడు. ఆ పనిని నరమాంస భక్షణతో పోల్చి తానే పేరుపెట్టాడు కూడా. కానీ నవలల్లో కలిసిపోయిన ఆ కథల్ని తన సంపుటాల్లో తిరిగి వేసుకోవడానికి అతను ఇష్టపడలేదు. అవి అతను పోయాక 1964లోనే పుస్తకంగా వచ్చాయి. ఒకే కథకు కొత్తదన్న పేరుతో పాఠకుడి దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకోరాదన్న సంకోచం అందులో నాకు కనిపిస్తుంది.

ఇక చట్టం సంగతి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం రచయితలు అనుకున్నంత నిర్దయమైనది కాదు. 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. నెలజీతం మీద కొలువులో ఉంటూ ఆ కొలువులో భాగంగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు సంస్థకు పోతుంది. జీతానికి పత్రికలో రాసేవారి విషయంలో ఇంకొక వెసులుబాటుంది. పత్రికల్లో ప్రచురించుకునే మేరకే హక్కు యజమానిది, మిగిలినదంతా రచయితది. బయటినుంచి వ్యాసానికింత అని రాసేవాడు ఉద్యోగి కాడు గనుక అతని హక్కు అతని సంతకం లేకుండా కదలదు. డబ్బు అందినంత మాత్రాన హక్కు చేతులు మారదు. ఈ సంగతి తెలియని వారు రాసేవాళ్ళలోనే ఎక్కువ.

హక్కు బదలాయించేటప్పుడు ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి కాగితం మీద ఉండాలంటుంది 19వ సెక్షన్. కాలం రాయకపోతే 5 సంవత్సరాలు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పుచ్చుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కును వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా లేనంతవరకూ, అది రద్దయిపోతుంది. 57వ సెక్షన్ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే అధికారాన్నీ, పరువు పోయేలా వికృతపరిస్తే అడ్డుకునే అధికారాన్నీ రచయితకు నిలిపింది. మన్నూ భండారీ నవల సినిమాగా మారిన వ్యవహారంలో 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్‌ను రచయిత పక్షాన విశాలంగానే వ్యాఖ్యానించింది.

మరి ఇంత రక్షణ ఉండగా చిక్కెక్కడ? చట్టం ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఒప్పందం రెండో చేత్తో లాక్కుంటుంది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని రూపాల్లోనూ' అనే ఒక్క వాక్యంతో పై వెసులుబాట్లలో చాలాభాగం ఎగిరిపోతాయి. అమెరికాలోనూ ఇదే జరిగింది. పత్రికకని అమ్మిన వ్యాసాలను అనుమతి లేకుండా కంప్యూటర్ భాండాగారాల్లో పెట్టడం చెల్లదని 2001లో టాసినీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు బయటి రచయితల పక్షాన 7-2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. గెలిచినవారికి దక్కింది తక్కువే. ఎలెక్ట్రానిక్ హక్కుల్ని కూడా ముందే ఒప్పందంలో రాయించుకోవడం ప్రచురణకర్తలకు మామూలైపోయింది.

అంతా రాసిచ్చేసినవాడికి ఇంకేం మిగులుతుంది? మిగిలేది చిన్నదేమీ కాదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసినట్టు, కాపీరైట్ వ్యక్తీకరణకే గాని భావానికీ ఇతివృత్తానికీ చారిత్రక వాస్తవానికీ ఉండదు. అంటే కంపెనీ కొన్నది ఆ వాక్యాల అల్లికను. నీ చదువునూ నోటుపుస్తకాన్నీ శైలినీ అది కొనలేదు. జాన్ ఫోగర్టీ అనే అమెరికన్ గాయకుడి పాత పాట హక్కులు కంపెనీ చేతిలో ఉన్నాయి. అతని కొత్త పాట అతని పాత పాటకే నకలంటూ కంపెనీ దావా వేసింది. అతను సాక్షిగా గిటారు పట్టుకొచ్చి వాయించి చూపాడు. 1988లో జ్యూరీ అతని పక్షానే తేల్చింది. తన బాణీలో తాను పాడినందుకు మనిషిని బోనెక్కించిన ఆ కేసు పత్రాల్ని మన విద్యార్థులు చదివితే బాగుండును.

మన భాషలో జీతానికి రాసినవారి ఉదాహరణ కూడా చూడాలి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'లో పనిచేశారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు అదే పత్రికలో ఆయన పేరు లేకుండానే ఏళ్ళ తరబడి వచ్చాయి. కుటుంబరావు ఒకవైపు ఆ పని చేస్తూనే, తన పేరుతో రాయవలసిన కథలూ నవలలూ వ్యాసాలూ బయట రాస్తూ వచ్చారు. కొలువుకు ఇచ్చేదేదో తనకుంచుకునేదేదో వేరుపరచుకుని పనిచేశారు. ఇది విమర్శకులు తగినంతగా పట్టించుకోని విషయమని నా అభిప్రాయం.

కొనేవాడి వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. ఒకే పాఠం రెండు చోట్ల కనిపిస్తే గూగుల్ సాధారణంగా ఒకదాన్నే చూపి రెండోదాన్ని పక్కనపెడుతుంది. 2011లో తెచ్చిన మార్పుతో నాసిరకం పేజీలు గుట్టలుగా పోసే సైట్లను అది బాగా కిందికి నెట్టింది కూడా. కొత్త వ్యాసానికని డబ్బిచ్చినవాడికి పాతది అంటగడితే అతని పేజీ ఎవరికీ కనబడకుండా పోవచ్చు. నష్టం నిజమైనదే. 2012లో జోనా లేరర్ 'న్యూయార్కర్' వెబ్‌సైటుకు రాసినవాటిలో తాను అంతకుముందు వేరేచోట్ల రాసిన పేరాలే ఉన్నాయని బయటపడినప్పుడు, ఆ పత్రిక ఆయా వ్యాసాలకు వివరణలు జోడించాల్సి వచ్చింది. అక్కడ దోషం తిరిగి వాడటం కాదు, ఆ సంగతి చెప్పకపోవడం. పాతది చేర్చానని ముందే చెప్పి ధర తగ్గించుకున్నవాణ్ణి దొంగ అనడానికి ఎవరికీ అర్హత లేదు. నకలు పట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ తేడా ఎరగదు. వాక్యం ఇంకోచోట ఉందా లేదా అన్నదే చూస్తుంది. రాసిందెవరో దానికి అక్కర్లేదు.

ఆ యంత్రాన్ని మోసగించడానికే మాటలు మార్చే పద్ధతి పుట్టింది. సూర్యుణ్ణి భానుడు చేయి, భానుణ్ణి దినకరుడు చేయి. అమరకోశం వల్లెవేసి పద్యాలల్లేవారిని చూసి మన ముందుతరం నవ్వింది. ఇప్పుడు ఆ విద్యకే కూలి దొరుకుతోంది! దీన్ని రాసేవాడి నీతికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూస్తే పొరపాటు. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ పీసు రేటు కూలిని గురించి చెప్పినది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎంత చేస్తే అంత అన్నప్పుడు పనివాడు తన్ను తానే తరుముకుంటాడు, మేస్త్రీ అక్కర్లేదు. మాటకు పైసల్లో లెక్కగట్టి రోజుకు 3,000 మాటలు అడిగినవాడు పునరుక్తిని కూడా ఆ ధరలోనే కొంటున్నాడు. ఆ తర్వాత రచయిత నిజాయితీని శంకించడం గడుసుతనం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక విద్యార్థిని ఒక విద్యా సంస్థకు 'కన్యాశుల్కం' రెండు కూర్పుల తేడాలపై పాఠం రాసి హక్కులన్నీ ఇచ్చేసింది. ఆ పైన ఇంకొకరు గురజాడ మీద వ్యాసం అడిగారు. నేను చెప్పింది ఇదీ: అచ్చయిన పాఠాన్ని ముందు పెట్టుకోవద్దు, నోట్సు దగ్గరికి వెళ్ళు. 1892, 1897, 1909 అన్న సంవత్సరాలు ఎవరి సొత్తూ కావు. మధురవాణి మీద నీ అంచనా నీదే. అయితే ప్రశ్న మార్చు. అక్కడ కూర్పుల తేడా రాశావు కదా, ఇక్కడ గిరీశం ఇంగ్లీషు ఎవరిముందు ఎందుకు వాడతాడో చూడు. ప్రశ్న మారితే వాక్యం దానంతటదే మారుతుంది. ఆమె అలాగే రాసింది, రెండోది మెరుగ్గా వచ్చింది.

మూడో ఒప్పందం వచ్చినప్పుడు ఆమె సంతకానికి ముందే రెండు మార్పులు అడిగింది. 'శాశ్వతంగా' అన్నచోట 3 సంవత్సరాలనీ, తన వ్యాస సంపుటిలో వేసుకునే హక్కు తనకే ఉంటుందనీ రాయాలంది. సంస్థవారు రెండోదానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదానిపై ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి.