అరకులో కాఫీకో మ్యూజియం.. కథ మొదలైంది మన దారిలోనే

సారపాకలో గోదావరి వంతెన దాటి భద్రాచలం, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే మారేడుమిల్లి వస్తుంది. ఆ చుట్టుపక్కల పాములేరు లోయలోనే 1898లో బ్రిటిష్ వాళ్లు కాఫీ మొక్కలు నాటించారు. ఆంధ్రలో కాఫీకి అదే మొదలు. తర్వాత అది అరకు కొండలకు పాకింది. మ్యూజియం మాత్రం అరకులో ఉంది. కాఫీ పుట్టుక, సాగు అక్కడ చూపిస్తారు. పిల్లలు కాఫీ చాక్లెట్ల దగ్గరే ఆగిపోతారనుకోండి, అది వేరే సంగతి!

'కాఫీ' అన్న పేరు అరబీ 'ఖహ్వా' నుంచి వచ్చిందే. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. హజ్ నుంచి వస్తూ బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటారని చెబుతారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే.

మ్యూజియం చూసి వెనక్కి రావడం కాదు, తోటలూ చూడాలి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, అదే చెట్టుకు మిరియాల తీగ: గిరిజన రైతుకు ఒకే నేలలో రెండు ఆదాయాలు. దళారుల చేతిలో నష్టపోకుండా గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్ల దగ్గర గింజలు కొంటుంది. 2019లో అరకు అరబికాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి ఎక్కడి పొడికో అరకు పేరు పెట్టి అమ్మకూడదు. కొనేముందు ప్యాకెట్ తిప్పి చూడండి, చికోరీ కలిపితే ఎంత శాతమో దానిపై రాసి ఉండాలి.