వేఱుపఱచిన క్లోమము తెలిపిన సంగతి



మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో నేడు రచ్చబండపై నలుగురు పెద్దలు కూడినచో ‘షుగరు’ మాట రాక మానదు. ఒకరు తాము మ్రింగు మాత్ర పేరు చెప్పుదురు. వేఱొకరు కాకరరసమే మేలందురు. ఆ మాత్ర కడుపులోనికి బోయి యేమి చేయునో చెప్పగలవారు మాత్రము తక్కువ. ఆ సంగతి తెలియుటకు మిక్కిలి తోడ్పడినది, దేహమునుండి తీసి వెలుపల బ్రదికించి యుంచిన యొక యవయవము. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

ఆ యవయవము క్లోమము. ఆయుర్వేదమున క్లోమశబ్దము కలదు గాని, అది యే యవయవమను విషయమున వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆ వాదములోనికి నేను దిగను. బడిపుస్తకములలోని యర్థమునే గ్రహించుచున్నాను. జీర్ణకోశము వెనుక అడ్డముగా పరుండిన గ్రంథి యిది. ఆహారమును జీర్ణింపజేయు రసమును ప్రేవులలోనికి విడుచుట దీని పనులలో నొకటి. 1869 లో పాల్ లాంగర్‌హాన్సు అను జర్మను విద్యార్థి దీనిలో అక్కడక్కడ గుంపులుగా నున్న వేఱు జాతి కణములను సూక్ష్మదర్శినితో జూచెను. అవి యెందుకున్నవో అతడు చెప్పలేకపోయెను. తరువాతివారు వానికి లాంగర్‌హాన్సు ద్వీపములని పేరిడిరి. 1889 లో మేరింగు, మింకౌస్కీ యనువారు కుక్కకు క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చెను. 1921 లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ ద్వీపముల స్రావమును క్లోమమునుండి రాబట్టిరి. అదియే ఇన్సులిన్. కుప్పము చుట్టుపట్ల పట్టుపురుగులు పెంచువారు వినదగిన ముక్క యొకటి: ఆ పురుగు మెదడులోను ఇన్సులిన్‌ను బోలిన స్రావమున్నదని జపానువారు 1984 లో ప్రకటించిరి.

స్రావము దొరకినది గాని, కణము దానిని ఎప్పుడు, ఎంత, దేని ప్రేరణచే విడుచునో తెలియుట వేఱు. దేహములో నుండగా క్లోమమునకు నరముల యాజ్ఞలు కలవు, ప్రేవులనుండి వచ్చు కబుర్లు కలవు. విడిచిన ఇన్సులిన్‌లో సగముదాక కాలేయము దారిలోనే పట్టుకొనును. చేతి రక్తమును జూచి క్లోమము నడవడిని నిర్ణయించుట, ప్రక్కవాడు అందించుచుండగా వ్రాసిన జవాబునకు మార్కులు వేయుట వంటిది. నేను బడిలో పెక్కేండ్లు పనిచేసినవాడను. అట్టి పిల్లవానిని వేఱు గదిలో గూర్చుండబెట్టుట కంటె నాకు వేఱుపాయము దొరకలేదు.

శాస్త్రజ్ఞులును అదియే చేసిరి. మత్తిచ్చిన యెలుకనుండి క్లోమమును రక్తనాళములతో గూడ తీసి, దేహపు వేడిమిలో నిలిపి, ధమని గుండా ప్రాణవాయువును, లవణములును, కొలిచిన చక్కెరయు గల ద్రవమును పంపిరి. సిర గుండా వెలువడిన దానిని కొద్ది కొద్ది కాలమునకొక సీసాలో బట్టి, ఏ సీసాలో ఎంత ఇన్సులిన్ గలదో కొలిచిరి. అమెరికాలో గ్రోడ్‌స్కీ యనునాతడును సహచరులును 1960-70 నడుమ చేసిన యీ పరీక్షలు ప్రసిద్ధములు. చక్కెర హెచ్చింపగానే ఒకటి రెండు నిమిషములలో ఇన్సులిన్ ఒక్కపెట్టున వెలువడెను; కొలది నిమిషములకే తగ్గెను; మరల మెల్లగా పెరిగి, చక్కెర యున్నంతసేపు వచ్చుచునే యుండెను. పెండ్లిపంక్తిలో ముందు వండియుంచిన యన్నము వడ్డింతురు. అది యగునప్పటికి వంటశాలనుండి రెండవ గుండిగ వచ్చును. కణములోను అట్లే. గోడచెంత సిద్ధముగా నున్న ఇన్సులిన్ పొట్లములు మొదట, లోపలివి తరువాత. పెద్దవయసున వచ్చు మధుమేహములో తొలుత చెడువానిలో ఆ మొదటి వడ్డన యొకటి. భోజనము కాగానే చక్కెర మితిమీరుటకు అదియు నొక కారణము.

చక్కెర వచ్చినదని కణమునకు తెలియుటెట్లు? ఇచ్చట మన తెలుగువాని పేరు వచ్చును. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు విద్యాలయమున ఫిస్కెగారితో గూడి, కండలలో ఏ.టి.పి. యను ద్రవ్యమును గనుగొని 1929 లో ప్రకటించిరి. అదే యేట జర్మనీలో లోమన్‌గారును దానిని గనుగొనిరి. ప్రతి జీవకణమునకును అది చేతిలోని రొక్కము వంటిది. చక్కెర కణములో దహింపబడగా ఆ రొక్కము పెరుగును. ఇక క్లోమకణపు పొరలో పొటాసియము బయటికి బోవు సన్నని ద్వారములు గలవు. ఏ.టి.పి. పెరిగినచో అవి మూతపడునని 1984 నాటి పరిశోధనలు తెలిపెను. అవి మూతపడగా పొర విద్యుత్‌స్థితి మారును. వేఱు ద్వారములు తెఱచుకొని కాల్షియము లోపలికి వచ్చును. దానితో ఇన్సులిన్ పొట్లములు విప్పుకొని బయటపడును.

ఇప్పుడు మాత్ర సంగతి. 1942 లో ఫ్రాన్సులోని మోంపెలియె నగరమున టైఫాయిడు రోగులకు ఒక క్రొత్త సల్ఫామందు ఇయ్యగా, రక్తములోని చక్కెర మిక్కిలి తగ్గిపోవుట వైద్యులు చూచిరి. లూబటియే యనునాతడు కుక్కలయందు పరీక్షించి, క్లోమము తీసివేసిన కుక్కపై అది పనిచేయదని చూపెను. గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు మొదలగు మాత్రలు ఆ వంశములోనివే. అవి పొటాసియము ద్వారములను తామే మూయును. చక్కెర వచ్చెనా, లేదా యని విచారింపవు.

ఇందులోని యపాయము పెద్దలకు ముఖ్యముగా తెలియవలెను. ఏకాదశినాడు అన్నము మానినప్పుడు క్లోమకణము తనంతట తాను చేయి ముడుచుకొనును. మాత్ర దానిని ముడుచుకొననీయదు. పుంగనూరులో నేనెఱిగిన యొక వృద్ధుడు, మందు మానుట తప్పు, ఉపవాసము మానుట అంతకంటె తప్పు అని తలచి రెండును సాగించెను. సాయంకాలమునకు చెమటలు పట్టి, మాట తడబడి, అరుగుపై కూలెను. చుట్టుప్రక్కలవారు గాలి సోకినదనిరి. ఇంటి కోడలు చదువుకొన్నది గనుక బెల్లపునీరు త్రాగించెను, తేరుకొనెను.

మెట్‌ఫార్మిను అను మాత్ర ఆ ద్వారముల జోలికి పోదు; అది యొక్కటే వాడువారికి ఇట్టి పతనము అరుదు. మీ మందులపెట్టెలోనిది యే జాతిదో, ఉపవాసదినమున దాని నేమి చేయవలెనో ముందుగానే వైద్యుని యడుగుడు. ఇన్సులిన్ సూదివారు తమంతట తాము మానరాదు. చెమట, వణకు, తడబాటు కనబడి, స్పృహ యున్నచో వెంటనే చక్కెరనీరు ఇచ్చి, పిదప అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోట నేమియు పోయరాదు, ఆసుపత్రికి గొనిపోవలెను. తేరుకొన్నవానిని సైతము వైద్యునికి చూపవలెను, ఆ రాత్రి యొంటరిగా విడువరాదు. ఆ మాత్రల ప్రభావము గంటలకొలది నిలుచును గనుక చక్కెర మరల పడవచ్చును.