వీడియో ఆటలు: ఒక మామూలు ఆటగాడి మనసులో మాట

గత వేసవి సెలవులలో ఒక సాయంత్రం నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డలోని మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. నలభై కిలోమీటర్ల దారి. శిరివెళ్ళ దాటేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. ఆళ్ళగడ్డలో బస్సు దిగి, శిల్పుల ఉలి చప్పుళ్ళు వింటూ నడిచి, ఇంటి గడపలో అడుగుపెట్టేసరికి లోపలి నుండి తుపాకుల మోత వినిపించింది. అక్కయ్య వంటింట్లో ఉంది. పదమూడేళ్ళ మేనల్లుడు టీవీ ముందు చాప మీద కూర్చొని ఉన్నాడు. తెర మీద ఎడారి మధ్య ఒక రహదారి. దాని పొడవునా కాలిపోయిన కార్లు, లారీలు. వాడు దూరపు దిబ్బ మీది నుండి గురి చూసి ఒక్కొక్కరినే కాలుస్తున్నాడు.

"సలాం మామూ, ఒక్క నిమిషం" అన్నాడు తల తిప్పకుండానే. తరువాత కాసేపటికి, "మామూ, వీళ్ళు అబ్బా వాళ్ళ కఫీల్ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు కదా!" అన్నాడు. వాడి గొంతులో బాధ లేదు, భయం లేదు. ఉన్నది వట్టి ఆశ్చర్యమే. మా బావ పన్నెండేళ్ళుగా కువైట్‌లో వాహన చోదకుడు. తెర మీద కూలుతున్నవారు అరుస్తున్నది అరబీ భాషలో.

ఇంతవరకూ చదివి, 'ఇక వీడియో ఆటలను ఖండించే వ్యాసమే' అనుకునే పాఠకులకు ముందే ఒక సంగతి చెప్పాలి. నేనూ ఆటగాడినే. వయసు నలభై దాటింది, నంద్యాలలో చిన్న దుకాణం ఉంది. ఇషా నమాజు ముగిశాక వారానికి రెండు మూడు రోజులు ఓ గంటసేపు ఆడుతాను. గొప్ప నేర్పేమీ లేదు. పిల్లలు పది నిమిషాల్లో దాటే మలుపు దగ్గర నాకు రెండు రాత్రులు పడుతుంది. సగంలో వదిలేసిన ఆటలే ఎక్కువ. అయినా ఆడటం నాకు ఇష్టం. దాచుకోవలసిన విషయంగా నాకు ఎన్నడూ తోచలేదు.

నా పరిచయం క్యాసెట్ల కాలంలో మొదలయింది. మన నంద్యాల పార్లమెంటు సభ్యుడు పి.వి. నరసింహారావు గారే దేశ ప్రధానిగా ఉన్న రోజులవి. టీవీకి తగిలించే బూడిదరంగు పెట్టె, దానికి రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్టు. క్యాసెట్టు మీద వందల ఆటలున్నట్టు అచ్చువేసి ఉండేది. పెట్టి చూస్తే అవే ఏడెనిమిది ఆటలు పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. పని చేయకపోతే క్యాసెట్టు తీసి నోటితో ఊదడం మాకు తెలిసిన ఏకైక మరమ్మతు. 1985లో వచ్చిన సూపర్ మారియో మాకు చేరేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. ఆ పెట్టెలు జపానుకు చెందిన నింటెండో యంత్రానికి నకళ్ళని చాలా కాలానికి గాని తెలియలేదు. ఇంకో చిత్రం. ఆ నింటెండో 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలయింది. పేక అంటేనే మండిపడే మా అబ్బాకు ఈ ముక్క తెలిసి ఉంటే, ఆ పెట్టె మా గడప దాటేది కాదు!

తరువాత ప్లేస్టేషన్ 2 వచ్చింది. 2000లో విడుదలైన ఆ యంత్రం ప్రపంచమంతటా పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మాలాంటి వారు దానిని కొనలేదు, గంటకింత అని అద్దె ఇచ్చి దుకాణాల్లో ఆడాం. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కు పెట్టే రకం ధర 49,990 రూపాయలు. అందుకే మన ప్రాంతపు ఇళ్ళలో కొన్నింటికి ఈ యంత్రం గల్ఫ్ నుండి వచ్చేవారి సామానులో, ఖర్జూరాల డబ్బాలకూ దుప్పట్లకూ మధ్య వస్తుంది. మా మేనల్లుడి ప్లేస్టేషన్ 4 అలా వచ్చినదే. ఏటా నెలరోజులు మాత్రమే ఇంట ఉండే తండ్రి, మిగిలిన పదకొండు నెలలకు బదులుగా ఇచ్చిన వస్తువు అది. దానిని తీసి అవతల పారేయమని చెప్పడం తేలిక. ఆ మాట నాకు నోరు రాలేదు.

వీడియో ఆటల మీద మన ఇళ్ళలో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అంతా పాడు అనేది మొదటిది. వీధుల వెంట తిరగకుండా పిల్లవాడు ఇంటి పట్టున ఉంటున్నాడు కదా అనేది రెండవది. నా ఉద్దేశంలో ఈ రెండూ రిమోట్ చేతబట్టని వారి మాటలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆట వ్యసనాన్ని 2019లో తన వ్యాధుల పట్టికలో చేర్చిన మాట నిజమే. అయితే ఆడే ప్రతివాడూ రోగి అని ఆ సంస్థ చెప్పలేదు. అదుపు తప్పి, చదువూ నిద్రా బంధుత్వాలూ దెబ్బతింటున్నా ఆపలేని స్థితి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితే దానిని వ్యాధి అన్నది. ఎన్ని గంటలు అన్న ప్రశ్న అవసరమే. మా ఇళ్ళలో అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ గంటలలో పిల్లవాడు ఎవరిగా మారి, ఎవరిని ఏం చేస్తున్నాడు?

ఆ రాత్రి భోజనాలయ్యాక నేనూ రిమోట్ అందుకొని ఆ ఘట్టం ఆడాను. అది 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్. కథ జరిగేది ఉర్జిక్‌స్తాన్ అనే కల్పిత దేశంలో. ఆ ఘట్టం పేరుకు తెలుగు 'మృత్యు రహదారి'. పారిపోతున్న జనం మీద రష్యా సేనలు బాంబులు కురిపించిన దారి అని అందులో ఒక పాత్ర వివరిస్తుంది. ఆ పేరు గల రహదారి నిజంగా ఉంది. కువైట్ నుండి జహ్రా మీదుగా ఇరాక్ సరిహద్దుకు, అక్కడి నుండి బస్రా వైపు సాగే 80వ నంబరు దారి అది. 1991 ఫిబ్రవరి చివరి రోజులలో, వెనుదిరిగి పోతున్న ఇరాకీ వాహనశ్రేణుల మీద అమెరికా నాయకత్వంలోని కూటమి విమానాలు అక్కడ దాడి చేశాయి. కాలిన బండ్ల వరుసల ఫోటోలు నాటి పత్రికలన్నింటిలో వచ్చాయి. దేశం కల్పితమే, కాదనను. కాని పేరునూ దృశ్యాన్నీ చరిత్ర నుండి తీసుకొని, చేసినవారిని మాత్రం మార్చిన కల్పన అది. ఆట విడుదలైనప్పుడే దీని మీద విమర్శలు వచ్చాయి.

మరునాడు ఫోనులో బావకు ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండిపోయారు. "జహ్రా రోడ్డా? వారానికి రెండుసార్లు ఆ దారినే సరుకు తోలుతాను. వాణ్ణి ఇలా ఇవ్వు" అన్నారు. తండ్రీ కొడుకులు అరగంట మాట్లాడుకున్నారు. ఆ దారి పక్కన ఇప్పుడు ఏమేమి ఉన్నాయో, ఒంటెలు అడ్డం వస్తే ఏం చేస్తారో వాడు గుచ్చి గుచ్చి అడిగాడు. ఆ తరువాత ఆ ఆటను వాడు పూర్తిగా మానేశాడని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఒక్క ఘట్టం మాత్రం మళ్ళీ పెట్టలేదు.

ఆ డిస్కు పెట్టె అట్ట కింది మూలన 18 అనే అంకె ఉంది. ఐరోపాలో 2003 నుండి అమలులో ఉన్న పద్ధతి అది. 3, 7, 12, 16, 18 అనే అంకెలు ఏ వయసు నుండి ఆడవచ్చో తెలుపుతాయి. అది ధర కాదు, ఆటల సంఖ్య కాదు. ఆపా దానిని ఆటలో ఉన్న మెట్ల సంఖ్య అనుకుందట! యంత్రంలోనే వయసు మితినీ, రోజుకు ఇంత సమయమనే హద్దునూ పెట్టి, రహస్య సంఖ్యతో బిగించవచ్చు. అక్కడే కూర్చొని పది నిమిషాలలో పెట్టేశాను.

అభ్యంతరం చెబితే ఈ కంపెనీలు అసలు వినవా అంటే, వింటాయి. 2008లో లిటిల్ బిగ్ ప్లానెట్ అనే ఆటలోని ఒక పాటలో ఖుర్ఆన్ వాక్యాలు ఉన్నాయని ఒక ఆటగాడు తెలియజేయగా, సోనీ సంస్థ ప్రపంచమంతటా విడుదలను వాయిదా వేసి డిస్కులను వెనక్కి తెప్పించింది. ఆ పాట కట్టిన తుమానీ జబాతే మాలీ దేశపు ముస్లిమే, భక్తితో కట్టినదే. తప్పు పాటలో లేదు, పెట్టిన చోటులో ఉంది. 2012లో ఇంకో యుద్ధపు ఆటలో స్నానాల గది గోడకు అల్లాహ్ నామం గల చట్రం తగిలించి ఉందని ముస్లిం ఆటగాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఆ రంగస్థలాన్నే కంపెనీ తాత్కాలికంగా తొలగించింది. ఈ రెండు సందర్భాలలోనూ లోపాన్ని పట్టుకున్నది ఆడేవారే.

మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. 2023లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ మిరాజ్ 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో నడుస్తుంది. ఖలీఫా మన్సూర్ 762లో పునాది వేసిన వలయాకార నగరం, తిగ్రిస్ నది, బైతుల్ హిక్మా అన్నీ కళ్ళ ముందు నిలుస్తాయి. అరబీ సంభాషణలతో ఆడే వీలుంది. ఆనాటి నగర చరిత్రను వివరించే వ్యాసాలు ఆటలోనే పొందుపరిచారు. నేను పని మానుకొని ఊరికే వీధులలో తిరిగిన రాత్రులున్నాయి. అయితే చెప్పవలసిన రెండో ముక్క కూడా ఉంది. ఇంత అందమైన నగరంలో మనకు అప్పగించే పని వెనుక నుండి వెళ్ళి పొడవడమే. దీని మీదా 18 అంకె ఉంది. మేనల్లుడికి నగరాన్ని నేను ఆడి చూపించాను, రిమోట్ ఇవ్వలేదు. వాడు అలిగాడు.

నాకు అసలైన కోపం తెప్పించినది తుపాకి కాదు, ఒక ఫుట్‌బాల్ ఆట. చూడటానికి రక్తం లేదు, అట్ట మీది అంకె చిన్నది. లోపల మాత్రం సీలు వేసిన ప్యాకెట్లు అమ్ముతారు. డబ్బు పెట్టి తెరిస్తే మేటి ఆటగాడు రావచ్చు, పనికిరానివాడు రావచ్చు. తెరిచే క్షణంలో మెరుపులు, ఈలలు, ఊరింపు. యంత్రంలో భద్రపరచి ఉన్న తండ్రి కార్డుతో మావాడు రెండు వారాలలో ఆరు వేల రూపాయలు ఊదేశాడు. బెల్జియంలో జూదాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంఘం 2018లో ఇలాంటి అమ్మకాలలో కొన్ని జూదమేనని తేల్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన చట్టం డబ్బు పణంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ప్యాకెట్టులో వచ్చేది నగదు కాదు, బొమ్మ. కనుక ఇది వేరు అనేవారున్నారు. దివ్యఖుర్ఆన్ మైసిర్ అన్నదానిలోకి ఇది వస్తుందో రాదో ధర్మవేత్తలు చెప్పాలి. ఆటగాడిగా నాకు తెలిసినది ఒకటే. ప్యాకెట్టు తెరిచేటప్పుడు వాడి ముఖంలో ఆట ఆడేటప్పటి ఆనందం లేదు. కార్డు వివరాలు ఆ రోజే తీసివేయించాను.

చివరగా మా ఇంట్లో అందరికీ నచ్చిన ఆట ఒకటి ఉంది. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ. ఒంటరిగా ఆడటానికి వీలే లేదు, ఇద్దరు కలిస్తేనే అడుగు ముందుకు పడుతుంది. విడిపోవాలనుకున్న దంపతులు చిన్న బొమ్మలుగా మారిపోయి, ఒకరి సాయం లేనిదే ఒకరు కదలలేని స్థితిలో పడతారు. "తలాఖ్ మాటతో మొదలయ్యే ఆటా!" అని నా శ్రీమతి ముక్కున వేలేసుకుంది గాని, మూడో రోజున నాకంటే ముందే సోఫాలో చేరింది. మీట ఏదో, ఎప్పుడు నొక్కాలో తెలియక మేము పడిన పోట్లాట ఆ తెర మీది దంపతులకు తీసిపోదు.

ఆ డిస్కునే ఆళ్ళగడ్డకు పట్టుకెళ్ళి, ఆపాను కొడుకు పక్కన కూర్చోబెట్టాను. మొదట వంట ఉందన్నది, తరువాత కళ్ళు లాగుతున్నాయన్నది. వారం తిరిగేసరికి కొడుకును "అటు కాదు, ఇటు దూకు బేటా" అని గదమాయించే స్థాయికి వచ్చింది. అప్పుడు ఆ ఏనుగు ఘట్టం వచ్చింది. కూతురిని ఏడిపిస్తే మంత్రం విడుతుందనే ఆశతో, ఆ దంపతులు కూతురికి ప్రాణమైన ఏనుగు బొమ్మను ఈడ్చుకుంటూ పోతారు. అది వదిలేయమని వేడుకుంటుంది. దాని చెవి ఊడిపోతుంది. ఆడేవారు మీట నొక్కితేనే అది ముందుకు జరుగుతుంది.

ఆపా రిమోట్ చాప మీద పెట్టేసింది.

"అమ్మీ, అది బొమ్మే! లాగకపోతే ఆట ముందుకు పోదు" అన్నాడు మేనల్లుడు.

"పోకపోతే పోనీ. నేను లాగను" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడు నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. నిన్న ఫోను చేస్తే, ఆట ఇంకా ఆ ఏనుగు దగ్గరే ఆగి ఉందని చెప్పాడు.