నారుమొక్కలకు ఎల్.ఇ.డి. దీపము

గదిలో కిటికీప్రక్క తొట్టిలో టమాటా విత్తనములు చల్లినచో వారము దినములలో మొలకలెత్తును. మరి పది దినములకు ఆ మొలకలు సన్నని, పాలిపోయిన కాడలతో పొడవుగా సాగి, కిటికీవైపు వంగి, నీరు చిలుకరించగనే నేలవాలును. నీరు చాలలేదనుకొని పలువురు మరికొంత పోయుదురు. దానితో కాడల మొదళ్ళు కుళ్ళి నారంతయు చచ్చును. నిజమునకు ఆ మొక్కలకు చాలనిది వెలుతురు. వెలుతురు చాలని మొలక, విత్తనములో దాచుకొనిన కొద్దిపాటి ఆహారమును కాడ పొడిగించుటకే వెచ్చించును. ఆకులు పెరుగవు, కాడ గట్టిపడదు.

వానకాలపు మబ్బుదినములలోను, ఎండ సోకని గదులలోను ఈ నష్టము అధికము. దీనికి తగిన దీపమును ఉన్నత పాఠశాల విద్యార్థులే ఉపాధ్యాయుని పర్యవేక్షణలో తయారు చేసికొనవచ్చును.

కంటికి చాలిన వెలుతురు మొక్కకు చాలునా?

గదిలో చదువుకొనుటకు చాలినంత వెలుతురు ఉన్నప్పుడు మొక్కకు ఏల చాలదు? ఇచ్చట మనుష్యుని కన్ను మోసపుచ్చుచున్నది. నడిమధ్యాహ్నపు ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉండును. గదిలో, కిటికీకి కొంచెము దూరమున, అది కొన్ని వందల లక్సులు మాత్రమే. వెలుతురు తగ్గినకొలది కంటిపాప విప్పారును, కంటిలోని తెర మరింత సున్నితమగును. అందుచే వందలరెట్ల భేదము కూడ కంటికి స్వల్పముగా తోచును. కాని అట్టి సర్దుబాటుతో మొక్కకు కడుపు నిండదు.

కాంతి ఫోటానులను చిన్న చిన్న శక్తిపొట్లములుగా వచ్చును. ఆకులోని పత్రహరితము వీనిని గ్రహించి, ఆ శక్తితో నీటినుండియు బొగ్గుపులుసు గాలినుండియు పిండిపదార్థములను తయారు చేయును. వానను దినమునకు ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదని లెక్కించునట్లే, మొక్కకు అందిన కాంతిని దినమునకు ఎన్ని ఫోటానులు పడినవని లెక్కింపవలెను. చదరపు మీటరుకు సెకనుకు 150 మైక్రోమోలుల ఫోటానుల చొప్పున 14 గంటలసేపు కాంతి పడినచో, మొత్తము సుమారు ఏడున్నర మోలులగును. టమాటా, వంగ, మిరప నారుకు ఇది చాలును. తెల్లని ఎల్.ఇ.డి. కాంతిలో ఈ తీవ్రత సుమారు 10,000 లక్సులకు సమానము.

ఏ రంగు కాంతి?

1882లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎంగెల్మన్ పట్టకముతో విడదీసిన కాంతిని ఒక నాచుపోగుపై పడునట్లు చేసెను. ప్రాణవాయువును కోరు సూక్ష్మజీవులు ఎరుపు, నీలి రంగులు పడినచోటులందు గుమిగూడెను. ఆ రెండు రంగులే మొక్కకు చాలునని పలువురు తలంతురు. బజారులో దొరకు ఊదారంగు దీపములు ఈ రెండు రంగుల కూడికయే. కాని 22 జాతుల పంటమొక్కలపై చేసిన పరీక్షల ఫలితములను మెక్రీ 1972లో ప్రకటించెను. ఆకుపచ్చ కాంతికూడ చాలవరకు ఉపయోగపడునని వానివలన తేలినది.

తెల్లని ఎల్.ఇ.డి.లో నీలికాంతి నిచ్చు చిన్న పలుకు, దానిపై ఫాస్ఫరు పూత ఉండును. నీలికాంతిలో కొంత ఆ పూతవలన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతులుగా మారును. అన్నియు కలిసి తెలుపగును. ప్రకాశవంతమైన తెల్లని దీపములకు దారితీసిన నీలి ఎల్.ఇ.డి.ని రూపొందించినందుకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. నీలికాంతి కాడ సాగుటను అరికట్టును గనుక, నారుకు తెల్లని దీపమే చాలును. పని సులభము; ఆకుల అసలు రంగు కనబడుటచే తెగుళ్ళనుకూడ వెంటనే గుర్తింపవచ్చును.

నిర్మాణము

కావలసినవి: 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల అల్యూమినియము రేకు, మీటరుకు 60 దీపములుండి 14.4 వాట్లు తీసికొను 12 వోల్టుల తెల్లని ఎల్.ఇ.డి. స్ట్రిప్పు 2.4 మీటర్లు, 12 వోల్టుల, 5 ఆంపియర్ల మూతగల అడాప్టరు, ఎరుపు, నలుపు తీగలు.

ఈ స్ట్రిప్పులో మూడేసి దీపములు ఒక గుంపు. ప్రతి 5 సెంటీమీటర్లకు గుర్తించిన గీతవద్దనే కత్తిరింపవలెను. 40 సెంటీమీటర్ల ముక్కలు ఆరింటిని చేసి, 5 సెంటీమీటర్ల ఎడముతో రేకుపై అంటింపవలెను. రేకు వేడిని లాగివేయును. కత్తిరించిన కొనలలోని రాగి రేకును తాకినచో షార్టగును గనుక, ఆ కొనలక్రింద ఇన్సులేషను టేపు వేయవలెను. ధనాగ్రములనన్నిటిని ఎరుపు తీగకు, ఋణాగ్రములనన్నిటిని నలుపు తీగకు, అనగా సమాంతరముగా, సోల్డరు చేయవలెను.

ఒక్కొక్క దీపమునకు సుమారు 3 వోల్టులు కావలెను. గుంపులోని మూడింటికి 9 వోల్టులు పోగా మిగిలిన 3 వోల్టులు నిరోధకములపై పడి వేడిగా మారును. అనగా నాలుగింట ఒకవంతు విద్యుత్తు వెలుతురు కాకుండగనే పోవును. అయినను నిరోధకము లేనిచో విద్యుత్ప్రవాహము మితిమీరి దీపములు మాడిపోవును. గుంపుకు 0.06 ఆంపియర్ల చొప్పున 48 గుంపులకు 2.88 ఆంపియర్లు, 12 వోల్టులచే గుణించినచో సుమారు 35 వాట్లు. దినమునకు 14 గంటలు వెలిగినచో అర యూనిటుకన్న కొంచెము తక్కువ ఖర్చగును.

230 వోల్టుల మెయిన్సు తీగలను విద్యార్థులు ఎన్నడును విప్పరాదు. అడాప్టరును నీరు పడని చోట, తొట్టికన్న ఎత్తున ఉంచవలెను. నీరు పోయునప్పుడు స్విచ్చి ఆపివేయవలెను.

వాడుక

దీపమును నారుకు 15 సెంటీమీటర్ల ఎత్తున త్రాళ్ళతో వ్రేలాడదీసి, మొక్కలు పెరిగినకొలది పైకి జరుపవలెను. ఆకులవద్ద లక్సు మీటరు నుంచి చూచి, 10,000 లక్సులకు తగ్గినచో దీపమును కొంత దించవలెను. చుట్టును తెల్లని అట్ట నిలిపినచో ప్రక్కలకు పోవు కాంతి తిరిగి మొక్కలపై పడును. తక్కిన 10 గంటలు చీకటిగా ఉంచవచ్చును. బయట నాటుటకు ముందు వారము దినములు, ప్రతిదినము కొంతసేపు పెంచుచు, నారును ఎండకు అలవాటు చేయవలెను. లేనిచో లేత ఆకులు మాడును.

పాఠశాలలో ఒకే దినమున, ఒకే మట్టిలో రెండు తొట్లలో విత్తనములు చల్లి, ఒకదానిని కిటికీవద్దను, రెండవదానిని దీపముక్రిందను ఉంచవలెను. నీరు సమానముగా పోయుచు, మూడు వారములు కాడ పొడవును, ఆకుల సంఖ్యను వ్రాసికొనవలెను. కిటికీవద్ద మొక్క పొడవుగా ఉండుట చూచి అదియే బాగుగా పెరిగినదని కొందరు విద్యార్థులు పొరపడవచ్చును. అప్పుడు రెండు తొట్లలోను పదేసి మొక్కలను పెరికి, నీడలో బాగుగా ఎండబెట్టి, త్రాసులో తూచవలెను. పొడవు వేరు, పెరుగుదల వేరు అని త్రాసే చెప్పును.