మందు ఉచితం.. దారే దుర్గమం
క్యాన్సర్ చికిత్సలో మన్యం గిరిజనులకు భాష, బస, తోడు కరవు

పాడేరు: క్యాన్సర్ బారిన పడిన మన్యం గిరిజనులకు మందుల ఖర్చు కన్నా ఆసుపత్రికి చేరి, చికిత్స పూర్తిచేసుకుని తిరిగి రావడమే కష్టసాధ్యమవుతోంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద అర్హులైన కుటుంబాలకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ఉచితంగా లభిస్తాయి. విశాఖపట్నం శివారు అగనంపూడిలో టాటా స్మారక కేంద్రానికి చెందిన హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అయినా మాట తెలియక, బస కుదరక, పనులు వదులుకోలేక చికిత్సను సగంలో ఆపివేసే ప్రమాదం కొండవాసులకు ఎక్కువ. సగంలో ఆగిన వైద్యం వ్యాధి తిరగబెట్టడానికి దారితీస్తుంది.

గుర్తింపులోనే జాప్యం

చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా మహిళల్లో, తరతరాలుగా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో వెలువరించిన అధ్యయనం ఈ అలవాటు వల్ల అంగిలిపై ఏర్పడే మార్పులను వివరించింది. తొలిదశలో నొప్పి ఉండదు కనుక తెల్లమచ్చను, మానని పుండును ఎవరూ పట్టించుకోరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కనిపించే అకాల రక్తస్రావాన్ని మహిళలు బిడియంతో బయటపెట్టరు. ముందుగా నాటువైద్యుడిని ఆశ్రయించి, అక్కడ గుణం కనిపించకపోతేనే ఆసుపత్రికి బయలుదేరతారు. 30 ఏళ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు జరపాలన్నది జాతీయ కార్యక్రమ నిబంధన. ఆ పరీక్ష ఎందుకో వారి భాషలో చెప్పేవారు ఉన్నప్పుడే అది ఫలిస్తుంది.

అర్థంకాని మాట, తొలగని భయం

మన్యంలో ఆదివాసీ ఒడియా, కువి, గదబ వంటి భాషలే ఇంటి భాషలైన కుటుంబాలు అనేకం. సంతలో బేరమాడేందుకు చాలిన తెలుగు వైద్యుడి మాటలను అర్థం చేసుకోవడానికి చాలదు. రేడియేషన్‌ను జనం ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వినగానే షాక్ కొడుతుందన్న భయం కలుగుతుంది. నిజానికి కిరణాలు తగిలే సమయంలో నొప్పి తెలియదు. ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి పాకుతుందన్నది మరో అపోహ. బడికి వెళ్లిన కుమారుడే తల్లికి దుబాసీగా నిలవవలసి వస్తే ఆమె తన బాధను దాచుకుంటుంది, అతడు వైద్యుడు చెప్పిన చేదు నిజాన్ని దాచుతాడు. అర్థంకాని కాగితంపై వేసిన వేలిముద్రను అంగీకారమనలేం.

ఆరు వారాలు ఎక్కడ ఉండాలి?

రేడియేషన్‌ను సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 5 నుంచి 7 వారాలపాటు ఇస్తారు. పాడేరు నుంచి విశాఖపట్నానికి సుమారు 110 కిలోమీటర్లు. లోపలి గ్రామాలకు దూరం ఇంకా ఎక్కువ. రోజూ వచ్చిపోవడం అసాధ్యం. రోగితోపాటు మరొకరు పట్నంలో ఉండిపోతే కాఫీ పండ్ల కోత, పొలం పనులు, పశువులు, పిల్లల ఆలనాపాలనా అన్నీ నిలిచిపోతాయి. కీమో అనంతరం తెల్లరక్తకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం వస్తే అది అత్యవసర పరిస్థితి. ఇంటివద్ద వేచి ఉండరాదన్న సంగతిని ఊరికి పంపేముందే రోగికి, ఆశా కార్యకర్తకు స్పష్టంగా తెలియజేయాలి.

హార్లెం చూపిన మార్గం

భాష, పేదరికం, దూరం వైద్యానికి అడ్డుపడటం మన్యానికే పరిమితం కాదు. అమెరికాలోని న్యూయార్క్‌లో పేద నల్లజాతీయులు అధికంగా నివసించే హార్లెం ప్రాంతంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో అయిదేళ్లు జీవించిన వారు ఒకప్పుడు 39 శాతమే. డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ అక్కడ తక్కువ ఖర్చుతో పరీక్షలు ఏర్పాటుచేసి, 1990లో రోగి వెన్నంటి నడిచే సహాయకులను నియమించారు. అపాయింట్‌మెంటు మొదలు కాగితాల వరకు ప్రతి అడ్డంకినీ తొలగించడమే వారి పని. తరువాతి కాలంలో ఆ శాతం 70కి పెరిగింది. మన దేశంలోనూ టాటా స్మారక ఆసుపత్రి, టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి ఇలాంటి సహాయకులకు ‘కేవట్’ పేరిట శిక్షణ ఇస్తోంది. కేవట్ అంటే ఏరు దాటించే పడవవాడు.

తక్షణ కర్తవ్యం

విశాఖ కేజీహెచ్‌లో గిరిజన రోగుల కోసం ఎస్టీ సెల్ ఉంది. క్యాన్సర్ చికిత్స జరిగే ప్రతిచోటా గిరిజన భాషలు తెలిసిన యువతీయువకులను, మహిళా రోగులకు మహిళలనే, సహాయకులుగా నియమించడం అవసరం. రేడియేషన్ పూర్తయ్యేవరకు రోగికి, వెంట వచ్చినవారికి బస, భోజనం కల్పించాలి. చికిత్స తేదీకి రానివారి సమాచారం అదేరోజు ఊరి ఆశా కార్యకర్తకు చేరాలి.

రోగుల కుటుంబాలు ఆధార్, రేషన్ కార్డులు, పాత పరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్లాలి. ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలవాలి. అరకు వైపు నుంచి రైలులో వెళ్లేవారు ఆసుపత్రి ధ్రువపత్రం చూపితే రెండో తరగతిలో క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ లభిస్తుంది. తదుపరి రావలసిన తేదీని, జ్వరం వస్తే పిలవవలసిన ఫోన్ నంబరును రాయించుకున్నాకే ఆసుపత్రి నుంచి బయలుదేరడం శ్రేయస్కరం.