డిసెంబరులో స్ట్రాబెర్రీ, జనవరిలో మోచి

జపాను దేశమున డిసెంబరు 24వ తేదీ రాత్రి మొదలు జనవరి 3వ తేదీ వరకు గల పది దినములలో ఒకే ఇంట రెండు పండుగ భోజనములు జరుగును. మొదటిది క్రిస్మస్ రాత్రి భోజనము. రెండవది కొత్త సంవత్సరపు భోజనము. ఒకటి నిన్న మొన్న వచ్చినది, రెండవది తరతరములుగా వచ్చుచున్నది. మొదటి దానిలో వేయించిన కోడిమాంసము, స్ట్రాబెర్రీలు పొదిగిన కేకు ఉండును. రెండవ దానిలో తీపియు ఉప్పును పులుపును పట్టించిన చల్లని వంటకములు, వాటితోపాటు మోచి అను బియ్యపు ముద్ద ఉండును. ఇవి రుచికొరకు చేసికొనునవే అయినను, వీనిలో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము మూడును దాగియున్నవి.

జపానులో క్రైస్తవులు సుమారు నూటికి ఒకరు మాత్రమే. అచట క్రిస్మస్ ప్రభుత్వపు సెలవుదినము కాదు. పెద్దలు యథాప్రకారము పనులకు పోయి, సాయంకాలము ఇంటికి వచ్చి పిల్లలతో పండుగ చేసికొందురు. కోడిమాంసము ఈ భోజనమునకు వచ్చిన తీరు విచిత్రమైనది. కెంటకీ అను అమెరికా దేశపు వేపుడు కోడి దుకాణము 1970లో నగోయాలో తెరువబడినది. 1974లో ఆ సంస్థ క్రిస్మస్ నాడు తమ కోడిమాంసమునే తినుడని దేశమంతట ప్రకటనలు చేసినది. పాశ్చాత్యులు ఆ దినమున కాల్చు టర్కీ కోడి జపానులో అరుదు. దానిని కాల్చుటకు తగినంత పెద్ద పొయ్యి సామాన్య గృహములలో లేదు. ఖాళీగా నున్న ఆ స్థానమును ప్రకటన ఆక్రమించినది. నేడు అనేక కుటుంబములు కొన్ని వారములు ముందుగనే డబ్బు కట్టి కోడిమాంసపు బుట్టను నిర్ణయించుకొనును. ఆచారములన్నియు ప్రాచీనములే కానక్కరలేదని చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

కేకు సంగతి వేరు. తెల్లని మీగడపై ఎఱ్ఱని స్ట్రాబెర్రీలు నిలిపిన ఆ కేకు జపానువారికి శుభసూచకములైన ఎఱుపు తెలుపు వన్నెలలో నుండును. అయితే స్ట్రాబెర్రీ శీతకాలపు పండు కాదు. బయట పొలములో నాటిన మొక్క వసంతకాలమున పూచి, మే నెల ప్రాంతమున కాయును. నడి శీతకాలమున, అందును డిసెంబరు 24వ తేదీ నాటికి, దేశమంతటికి సరిపడు పండ్లు ఎట్లు లభించుచున్నవి?

ఈ మొక్కకు పూమొగ్గ ఎపుడు కట్టవలయునో తెలియజేయునవి రెండు: పగటి నిడివి, చలి. శరదృతువున ప్రొద్దులు కురుచలై రాత్రులు చల్లబడగనే కొనయందలి మొలక ఆకులు వేయుట మాని పూమొగ్గగా మారును. తరువాత తీవ్రమైన చలి రాగా మొక్క నిద్రావస్థలోనికి పోవును. వసంతమున మేల్కొని పూచును. రైతులు చేయునదేమన, ఆ శరత్తును ముందుకు జరుపుట, ఆ నిద్రను రానీయకుండుట. వేసవిలో నారును చిన్న కుండీలలో పెంచుదురు. ఆగస్టు వచ్చునప్పటికి నత్రజని ఎరువును తగ్గింతురు; నత్రజని సమృద్ధిగా నున్న మొక్క ఆకులనే వేయుచు మొగ్గ కట్టుటను ఆలస్యము చేయును. పిదప నారును పగలు కొద్ది గంటలు ఎండలోనుంచి, మిగిలిన కాలము చీకటిగా నుండు చల్లని గదిలో పెట్టుదురు. ఇట్టి గదులు లేని కాలమున కుండీలను చల్లని కొండ ప్రాంతములకు మోసికొనిపోవుటయు కలదు. మొక్క శరత్తు వచ్చినదని మోసపోయి మొగ్గ కట్టును. సెప్టెంబరులో దానిని ప్లాస్టిక్ కప్పిన పందిళ్ళలో నాటుదురు.

పందిరిలో చలి లేదు. రాత్రివేళ కొన్ని గంటలు దీపములు వెలిగింతురు గనుక ప్రొద్దు కురుచగా నున్నట్లు మొక్కకు తోచదు, అది నిద్రింపదు. మూసిన పందిరిలో గాలియు పురుగులును పరాగసంపర్కము చేయజాలవు కావున తేనెటీగల పెట్టెను లోపలనే ఉంచుదురు. స్ట్రాబెర్రీపై గింజలవలె కనిపించునవి నిజమునకు చిన్న చిన్న ఫలములు. ఒక్కొక్క దానికి పుప్పొడి అందినగాని దాని చుట్టునున్న కండ పెరుగదు. తేనెటీగ సరిగా తిరుగని పువ్వు వంకర పండగును. కేకుపై నిలుపుటకు పనికిరాదు. తోక్యోకు ఉత్తరముననున్న తొచిగి మండలము ఈ సేద్యమునకు పేరుపొందినది. ఇంత శ్రమకు, పందిళ్ళను వెచ్చజేయు ఇంధనమునకు అగు వ్యయమంతయు ఆ కేకు ధరలో చేరును.

క్రిస్మస్ ముగియగనే అంగళ్ళలో అలంకారములు ఒక్క రాత్రిలో మారిపోవును. జపానువారు 1873 నుండి జనవరి 1వ తేదీనే సంవత్సరాదిగా పాటించుచున్నారు. ఆ దినమున తిను వంటకములకు ఒసేచి అని పేరు. లక్కపూత పూసిన పెట్టెలను ఒకదానిపై నొకటి పేర్చి వానిలో వీనిని అమర్తురు. డిసెంబరు 31 నాటికే వంట ముగించి, మూడు దినములు పొయ్యి జోలికి పోకుండుట ఆచారము. ఇంటి ఇల్లాలికి విశ్రాంతి ఇచ్చుటకే ఈ ఏర్పాటందురు. అయితే 31వ తేదీకి ముందు ఆమె పడిన పాట్లను చూచినచో ఆ విశ్రాంతి ఊరక వచ్చినది కాదని తెలియును.

శీతలయంత్రములు లేని దినములలో ఈ వంటకములు మూడు దినములు ఎట్లు నిలిచినవి? చలి కొంత తోడ్పడినది. మిగిలిన పని చక్కెర, ఉప్పు, సోయా రసము, సిర్కా చేసినవి. బాక్టీరియాకు నీరు కావలయును. కాని పదార్థములో నీరున్నంత మాత్రమున చాలదు, ఆ నీరు వానికి అందవలయును. చక్కెర, ఉప్పు కరిగి నీటి అణువులను తమ చుట్టు పట్టియుంచును. అంతేకాక, ద్రవాభిసరణము చేత బాక్టీరియా లోపలి నీటిని సైతము బయటకు లాగును. సిర్కాలోని ఆమ్లము వాని పెరుగుదలను అడ్డగించును. మన ఆవకాయ ఏడాది నిలుచుటకును, పాకము పట్టి నేతిలో వేయించిన అరిసెలు పండుగ దాటియు నిలుచుటకును ఈ సూత్రమే ముఖ్యకారణము.

ఒసేచిలోని నల్ల సోయాగింజల పాకమును గూర్చి ఒక మాట చెప్పవలయును. వానిని ఉడికించునపుడు తుప్పు పట్టిన ఇనుప మేకులను గుడ్డలో కట్టి కుండలో వేయుట పాత అలవాటు. గింజ పొట్టులోని నలుపునకు కారణమైన ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము నీటిలో కరిగి వెలిసిపోవును. ఇనుపధాతువు దానితో కలిసి స్థిరమైన ముదురు రంగు సమ్మేళనమగును. మేకు వేసిన అవ్వకు రసాయనశాస్త్రము తెలియదు, కాని ఫలితము తెలియును.

పెట్టెలో కొంబు అను సముద్రపు పాచి చుట్టలును ఉండును. 1908లో తోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కికునయే ఇకెదా, కొంబు కాచిన రసములోని రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటిలో దేనికిని చెందదని తలచి, దాని మూలమును వెదకెను. చివరకు లభించినది గ్లుటామిక్ ఆమ్లము. ఆ ఆమ్లము 1866లోనే గోధుమ జిగురునుండి వేరు చేయబడినది; దాని రుచిని గుర్తించిన ఘనత ఇకెదాది. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టెను.

ఇక మోచి. జిగట బియ్యమును ఆవిరిపై ఉడికించి, రోటిలో వేసి, బరువైన కొయ్య సుత్తితో దంచుదురు. ఒకరు దంచుచుండ మరియొకరు దెబ్బకు దెబ్బకు నడుమ చేతితో ముద్దను త్రిప్పుదురు. చివరకు గింజ ఆనవాలు లేని, లాగిన సాగు ముద్ద తయారగును. మన ఉండ్రాయిని లాగినచో విరుగును, సాగదు. రెండును బియ్యమే గదా, ఈ భేదమెందుకు? బియ్యపు పిండిపదార్థములో రెండు రకముల బృహదణువులు ఉండును. అమైలోజు నిడుపైన గొలుసు వంటిది; అమైలోపెక్టిన్ కొమ్మలు రెమ్మలు గల చెట్టు వంటిది. సాంబ మసూరి వంటి మన రకములలో అమైలోజు సుమారు నాల్గవ వంతు ఉండును. జిగట బియ్యములో అది దాదాపు శూన్యము. అమైలోజును నిర్మించు ఎంజైమునకు మూలమైన జన్యువు ఆ వరిలో పనిచేయదు. కొమ్మలు కొమ్మలతో చిక్కుకొని ముద్ద సాగును. పాఠశాలలో దీనిని చూపుట సులభము. మామూలు అన్నపు గంజి చల్లారిన పిదప అయొడీను ద్రావణము చుక్క వేసిన ముదురు నీలమగును. అస్సాములో దొరకు బొరా బియ్యము వంటి జిగట బియ్యపు గంజిలో వేసిన ఎఱుపు కలసిన గోధుమ వన్నె వచ్చును.

ఆ సాగుడు గుణమే ప్రతి సంవత్సరాదికి కొన్ని ఇండ్లలో దుఃఖమును తెచ్చుచున్నది. కొత్త సంవత్సరపు ఉదయమున ఒజోని అను వేడి చారులో మోచిని వేసి తినుట ఆచారము. 2018, 2019 సంవత్సరములలో మోచి గొంతున అడ్డుపడి మరణించిన 65 ఏండ్లు పైబడిన వారు 661 మంది. వీరిలో 282 మంది జనవరి నెలలోనే మరణించిరి. చారులో 50, 60 డిగ్రీల వేడిమియందు మోచి మెత్తగా సాగుచుండును. నోటిలోనికి పోయి 40 డిగ్రీలకు చల్లబడగనే గట్టిపడి, అంటుకొను గుణము హెచ్చును. గిన్నెలో మెత్తగా కనబడినది గొంతులో మెత్తగా నుండదు. వృద్ధులకు లాలాజలము తక్కువ, పండ్లు సరిగా నుండవు, మ్రింగు కండరములు బలహీనములు. మ్రింగునపుడు వాయునాళమును మూయు మూత ఆలస్యముగా పడిన క్షణమున ముద్ద అందు చిక్కును. లేదా గొంతు ద్వారముననే అంటుకొని గాలిని అడ్డగించును. దగ్గిన రాదు, ఏలయన అది అంటుకొనియుండును.

పండుగనాడు తాతయ్యకు మోచి వలదనుట మనుమలకు కష్టము. ఆయనకు అది ఎనుబది సంవత్సరముల అలవాటు. కావున మానుమని చెప్పక, చిన్న ముక్కలుగా కోసి పెట్టుదురు. ముందుగా చారుతోనో టీతోనో గొంతు తడిపించి, బాగుగా నమలినగాని తరువాతి ముక్కను అందీయరు. తినునంతసేపు ఒకరు ప్రక్కన కూర్చుందురు. ముద్ద అడ్డుపడిన వ్యక్తి దగ్గగలిగినచో దగ్గనీయవలయును. మాటయు దగ్గును రానిచో ఒకరు వెంటనే అంబులెన్సును పిలువవలయును. మరియొకరు అతనిని ముందుకు వంచి, రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో బలముగా చరచవలయును. తెలివి తప్పినచో నేలపై పరుండబెట్టి రొమ్మును నొక్కుట మొదలిడవలయును. జపానులో అంబులెన్సును పిలుచుటకు 119. మన దేశమున 108, 112.